మందారానికి పిండినల్లి పట్టిన ఫోటో

మా బాబాయికి మొక్కల నర్సరీ ఉంది. దాని సోషల్ మీడియా పేజీ నడిపే పని నా మీద పడింది. పడింది అనే అనాలి, నేను అడిగి తీసుకున్నది కాదు. "ఎలాగూ రోజంతా ఫోన్‌లోనే ఉంటావు కదమ్మా, ఆ ఉండేదేదో మన నర్సరీ కోసం ఉండు" అన్నాడు బాబాయి. కాదనడానికి కారణం దొరకలేదు.

మొదటి మూడు నెలలు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కొత్త గులాబీలు వచ్చాయి", "ఆదివారం కూడా తెరిచే ఉంటుంది", ఒక పువ్వు మీద శుభోదయం అని రాసిన కార్డు. రోజుకో పోస్ట్. లైకులు కొట్టేవాళ్లు నలుగురే: పిన్ని, నా స్నేహితురాళ్లు ఇద్దరు, మాకు కుండీలు వేసే ఆయన. ఆయనైతే చదవకుండానే కొడతాడని నా అనుమానం. సెలవు అని పెట్టిన రోజున కూడా లైక్ కొట్టి, తర్వాత కుండీల బండి తెచ్చి మూసిన గేటు ముందు నిలబడ్డాడు.

ఒకరోజు బాబాయి ఫోన్‌లో ఏదో బిల్లు ఫోటో వెతుకుతూ వాట్సాప్ తెరిచాను. బిల్లు సంగతి మర్చిపోయాను. రెండేళ్లుగా కస్టమర్లు పంపిన ఫోటోలు వరసగా ఉన్నాయి. "మీ దగ్గర కొన్న బోగన్‌విల్లా చూడండి, గోడంతా ఎక్కేసింది." "ఈ ఆకులు ఎందుకు పసుపు అవుతున్నాయండీ?" "మొదటి మొగ్గ!" ఒకావిడ ఒకే గులాబీ మొక్కని నెలకోసారి ఫోటో తీసి పంపింది, పసిపిల్లకి తీసినట్టు. వీటన్నిటికీ బాబాయి ఇచ్చిన జవాబు ఒక్కటే, బొటనవేలు గుర్తు. ఆకులు పసుపు అవుతున్నాయన్న మెసేజ్‌కి కూడా బొటనవేలే.

నేను మూడు నెలలుగా పోస్టుల కోసం తల బద్దలు కొట్టుకుంటుంటే, అసలు సరుకంతా ఇక్కడ పడి ఉంది. ఆ సంబరంలో చేయకూడని పని చేశాను. అన్నిట్లో బాగున్న ఫోటో ఒకటి తీసుకుని అదే సాయంత్రం పేజీలో పెట్టేశాను. వరండాలో వేలాడే కుండీలు, వెనక నుంచి ఎండ. "మా కస్టమర్ ఇంట్లో మా మొక్కలు!" అని శీర్షిక. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. అరవలేదు, అదే ఎక్కువ బాధ. "మా పాప స్కూల్ యూనిఫామ్‌లో కనిపిస్తోంది, గేటు మీద ఇంటి నంబర్ కూడా కనిపిస్తోంది. మొక్క చూడమని మీకు పంపానమ్మా, ఊరికి చూపించమని కాదు" అంది. మళ్లీ తెరిచి చూస్తే నిజమే. కుండీలు చూసిన కంటికి మూల నిలబడ్డ పాప కనబడలేదు. వెంటనే తీసేశాను, బాబాయి చేత కూడా క్షమాపణ చెప్పించాను. ఆవిడ ఆ తర్వాత కూడా నర్సరీకి వస్తోంది గానీ ఫోటోలు మాత్రం పంపడం మానేసింది.

ఆ దెబ్బతో నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా కూర్చుని నియమాలు చదువుకున్నాను. చాలా దేశాల చట్టాల్లో ఫోటో మీద హక్కు సాధారణంగా దాన్ని తీసినవాళ్లదే. మనకి పంపినంత మాత్రాన, మన పేజీని ట్యాగ్ చేసినంత మాత్రాన అది మనది అయిపోదు. ఫోటోలో మనుషులుంటే, ముఖ్యంగా పిల్లలుంటే, అది ఇంకో సంగతి. వాళ్లనీ, పిల్లల తల్లిదండ్రులనీ వేరే అడగాలి. ఇంకోటి కూడా తెలిసింది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న లోపలి వివరాలు పోతాయి గానీ, అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపిస్తే ఫోన్ రాసిపెట్టిన లొకేషన్ కూడా దాంతోపాటే వస్తుంది. "క్లారిటీ పోకుండా డాక్యుమెంట్‌గా పంపండి" అని అందరికీ చెప్తున్నది నేనే! అప్పటి నుంచి నాకొచ్చిన ప్రతి ఫోటోనీ ముందు స్క్రీన్‌షాట్ తీసి, దాన్నే కత్తిరించి వాడుతున్నాను. కాస్త క్లారిటీ తగ్గుతుంది, తగ్గనీ.

తర్వాత అనుమతి అడిగే మెసేజ్ రాసుకున్నాను. ఐదారుసార్లు మార్చాను. మొదటిసారి రాసింది బ్యాంకు నోటీసులా ఉందని పిన్ని నవ్వింది. చివరికి ఇలా కుదిరింది: "మీ మొక్క ఎంత బాగా వచ్చిందండీ! ఈ ఫోటో మా పేజీలో పెట్టుకోవచ్చా? మీ పేరు రాయమంటే రాస్తాం, వద్దంటే రాయం. బ్యానర్ మీద గానీ ప్రకటనలో గానీ వాడం, వాడాలనుకుంటే మళ్లీ అడుగుతాం. ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తాం." దాదాపు అందరూ సరే అన్నారు. సరే అనడమే కాదు, చాలామంది ఇంకా మంచి ఫోటో తీసి పంపారు. ఒకాయన చొక్కా మార్చుకుని మొక్క పక్కన నిలబడి తీయించుకున్నాడు. అడిగితే కాదంటారేమో అన్న భయంతో అడగకుండా పెట్టాను చూడండి, ఆ భయం దండగ.

అన్నీ ఒక షీట్‌లో రాయడం మొదలుపెట్టాను. పంపినవాళ్లు, మొక్క, తేదీ, సరే అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్, పేరు ఎలా రాయాలి, ఎక్కడెక్కడ పెట్టాం. చివరి గడి విలువ తర్వాత తెలిసింది. ఒకావిడ తన ఫోటోలన్నీ తీసేయమంది, కారణం చెప్పలేదు, నేను అడగలేదు. మూడు చోట్ల ఉన్నాయని షీట్ చెప్పింది కాబట్టి పది నిమిషాల్లో పని అయింది.

కస్టమర్ తన అకౌంట్లోనే పబ్లిక్‌గా పెట్టి మనల్ని ట్యాగ్ చేస్తే పని ఇంకా తేలిక. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో మనల్ని మెన్షన్ చేస్తే దాన్ని మన స్టోరీకి జోడించే బటన్ వస్తుంది, వాళ్ల పేరు దాని మీదే ఉంటుంది, 24 గంటల్లో పోతుంది. దాన్నే హైలైట్స్‌లో శాశ్వతంగా ఉంచాలంటే మాత్రం నేను మళ్లీ అడుగుతాను, ఒక్క రోజు కోసం పెట్టినదాన్ని ఏళ్ల తరబడి ఉంచితే ఎలా? ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి కొలాబ్ పోస్ట్ ఉంది. ఒకే పోస్ట్ వాళ్ల పేజీలోనూ మన పేజీలోనూ కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ ఒకేచోట చేరతాయి. వాళ్ల చుట్టాలూ మన కస్టమర్లూ ఒకే పోస్ట్ కింద కలుస్తారన్నమాట. 2025 ఆగస్టులో రీపోస్ట్ బటన్ కూడా వచ్చాక, ఫోటో దింపుకుని మళ్లీ ఎక్కించే పని చాలావరకు తప్పింది.

రీల్స్ దగ్గర ఒక చిక్కు ఉంది. కస్టమర్లు సినిమా పాట వేసి పంపుతారు. బిజినెస్ అకౌంట్‌కి ఆ పాటల లైబ్రరీ చాలావరకు అందుబాటులో ఉండదు, వ్యాపారానికి వాడుకునే హక్కు వేరు కాబట్టి. అందుకని పాట లేని వీడియో పంపమంటాను. అలా వచ్చిన ఒకదాంట్లో ఎండిన మట్టి మీద నీళ్లు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. పాట వేసిన రీల్స్ కన్నా దాన్నే ఎక్కువమంది సేవ్ చేసుకున్నారు.

అనుమతి ఉంది, ఫోటో ఉంది, పేజీ కళకళలాడుతోంది. కానీ కామెంట్లు చూస్తే "సూపర్", "బాగుంది", ఒక పువ్వు బొమ్మ. అంతే. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నేను కస్టమర్ల ఫోటోలతో ప్రకటనలు వేస్తున్నాను తప్ప ఇంకేమీ చేయడం లేదని అర్థమవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. అర్థమయ్యేలా చేసింది ఒక మందార మొక్క.

ఒకాయన కోపంగా ఫోటో పంపాడు. మందార కొమ్మ చివరంతా తెల్లటి పిండినల్లి, మొగ్గలు రాలిపోతున్నాయి. "మీ దగ్గర కొన్నదే. ఇదా మీ మొక్క?" బాబాయి మందు చెప్తానంటూ టైప్ చేయబోతున్నాడు. నేను ఆపి, "ఇది పేజీలో పెడదాం బాబాయ్" అన్నాను.

"పిచ్చెక్కిందా అమ్మాయ్? మన మొక్కలకి పురుగులున్నాయని మనమే దండోరా వేసుకోవాలా?"

"పిండినల్లి ఎవరి మందారానికి పట్టదు చెప్పు?"

చాలాసేపు వాదించుకున్నాం. ఆయన్నే అడుగుదాం అని తేల్చుకున్నాం. ఆయన ఆశ్చర్యపోయాడు. మేం దాచుకుంటాం అనుకున్నాడట. "పెట్టండి, పేరు కూడా రాయండి" అన్నాడు. నేను శీర్షిక మార్చి మార్చి చివరికి ఇలా రాశాను: "ఈ మందారం మా దగ్గర కొన్నదే. పిండినల్లి పట్టింది. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఏం చేశారు?"

రాత్రికి 40 దాకా కామెంట్లు. అప్పటిదాకా మా పేజీలో ఒక్క పోస్ట్‌కి అన్ని వచ్చింది లేదు. పట్టిన కొమ్మలు కత్తిరించి దూరంగా పారేయమని ఒకరు, నీళ్లు గట్టిగా కొట్టి కడగమని ఒకరు, నీళ్లలో కాస్త వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టమని ఒకరు. సాయంత్రమే కొట్టాలి, ఎండలో కొడితే ఆకులు మాడతాయని ఇంకొకావిడ జాగ్రత్త చెప్పింది. చీమలు తిరుగుతున్నాయా అని ఒకబ్బాయి అడిగాడు. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు చేరి, దాని శత్రువుల్ని దగ్గరికి రానివ్వవు. చీమల్ని ఆపకపోతే మందు కొట్టినా మళ్లీ వస్తుంది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివి, "ఈ చీమల సంగతి చెప్పిన కుర్రాడెవడో తెలిసినవాడే" అన్నాడు. బాబాయి నోట్లోంచి ఇంకో మనిషి గురించి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు రాదు. మూడు వారాల తర్వాత మందారం ఆయన కొత్త చిగుళ్ల ఫోటో పంపాడు. దాన్ని పెట్టేటప్పుడు సలహా ఇచ్చిన వాళ్లందరినీ ట్యాగ్ చేశాను.

అందంగా వచ్చిన మొక్కని చూసి మనిషి మెచ్చుకుని వెళ్లిపోతాడు, చెప్పడానికి ఇంకేం ఉంటుంది? ఇబ్బందిలో ఉన్న మొక్కని చూస్తే మాత్రం ఆగుతాడు, ఎందుకంటే తనకి తెలిసింది చెప్పే వీలు దొరుకుతుంది. అప్పటి నుంచి వారానికి ఒక్క ఫోటోనైనా ప్రశ్నతో పెడుతున్నాను. ప్రశ్న కూడా మాకు కాదు, చదివేవాళ్లకి. ఆకులు పసుపు అవుతున్నాయి, నీళ్లు ఎక్కువా తక్కువా? కుండీ కింద రంధ్రం ఉందా అని అడగండి చూద్దాం. నా చేతికి పెద్ద కష్టం ఏమిటంటే, జవాబు తెలిసినా టైప్ చేయకుండా ఊరుకోవడం. పేజీ వాళ్లే ముందు జవాబు చెప్పేస్తే ఇక ఎవరూ నోరు విప్పరు. ఇప్పుడు కొన్ని గంటలు ఆగుతాను. ఎవరైనా మొక్కకి హాని చేసే సలహా ఇస్తే మాత్రం వెంటనే కలగజేసుకుంటాను.

చచ్చిపోయిన మొక్కల ఫోటోలు కూడా పెట్టాం. బాబాయి ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ స్నేక్ ప్లాంట్‌కి రోజూ ప్రేమగా నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టిన వాళ్లు ఎంతమంది బయటపడ్డారో! "నేనొక్కదాన్నే అనుకున్నాను" అని ఒకరు రాస్తే, కింద వరసగా "నేనూ", "నేనూ".

పోటీ పెట్టిన సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, ఎవరికైనా పనికొస్తుంది. "మీ తోట ఫోటో పంపండి, ఎక్కువ లైకులు వచ్చినవాళ్లకి బహుమతి." గెలిచింది అందరికన్నా చుట్టాలు ఎక్కువ ఉన్న మనిషి. ఒక్క పూటలో వందల లైకులు, వాటిలో మొక్కల మనుషులు ఎవరూ లేరు. అంతకుముందు ఒకరి కొమ్మల్ని ఒకరు అడిగి తీసుకున్న వాళ్లు ఆ వారం ఒకరి ఫోటో కింద ఒకరు మాట్లాడలేదు. గెలిచినావిడ మళ్లీ పేజీలో కనిపించలేదు. ఇంకెప్పుడూ పోటీ పెట్టలేదు.

మరో ఫోటో, అద్భుతమైన డాబా తోట, అందరూ మెచ్చుకున్నాక ఒకరు కింద రాశారు: ఇది ఇంటర్నెట్‌లో ఎప్పటి నుంచో తిరుగుతున్న ఫోటో అని. ఫోటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెడితే అర నిమిషంలో దొరికింది. పంపిన అబ్బాయిని నలుగురిలో నిలదీయలేదు. పోస్ట్ తీసేసి, మా తప్పేనని రాసి, అతన్ని విడిగా "మీ సొంత కుండీ ఒక్కటైనా చాలు, అది పంపండి" అని అడిగాను. విరిగిన బకెట్‌లో పెంచుతున్న మనీ ప్లాంట్ పంపాడు. దాన్ని పెట్టాం.

బాబాయి కౌంటర్ దగ్గర "గూగుల్‌లో ఐదు స్టార్లు ఇస్తే ఒక మొక్క ఉచితం" అని అట్ట ముక్క మీద రాసి పెట్టాడు. అది గూగుల్ నియమాలకి విరుద్ధం. రివ్యూకి బదులుగా ఏదైనా ఇవ్వడమూ, బాగా రాసేవాళ్లనే ఏరి రాయించుకోవడమూ రెండూ కుదరవు. అట్ట తీయించాను. "మొక్కే కదా ఇస్తున్నది, లంచమా?" అన్నాడు. లంచమే బాబాయ్, ఆకులున్న లంచం.

వాట్సాప్ గ్రూప్ కూడా ప్రయత్నించాం. గ్రూప్‌లో చేరితే అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఒక సభ్యుడు ఇద్దరు ఆడవాళ్లకి విడిగా మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడని తెలిసిన రోజే గ్రూప్ మూసేశాను. 2022 చివర్లో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీల్లో ప్రకటనల గ్రూప్ ఉంటుంది, దాంట్లో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, కానీ ప్రకటనలు పెట్టేది అడ్మిన్లే. అది మాకు నర్సరీ సమాచారం చెప్పడానికే పనికొచ్చింది. అసలు మాటలు పేజీ కామెంట్లలోనే ఉండనిచ్చాం.

కామెంట్ చేసేది ఎప్పుడూ ఆ పాతికమందేనని ఒక దశలో దిగులు పడ్డాను. అప్పుడే వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధనలు చేసిన జాకబ్ నీల్సన్ 2006లో రాసిన లెక్క తెలిసింది. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చూసి ఊరుకుంటారు, 9 శాతం అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన 1 శాతమే అని. మా పేజీకి అదే లెక్క సరిపోతుందని కాదు గానీ, మనసు కుదుటపడింది. ఆ వారమే ఒక పెద్దాయన నర్సరీకి వచ్చి, పేజీలో వచ్చిన సలహాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నది చూపించాడు. ఒక్కసారి కూడా లైక్ కొట్టని మనిషి. అడిగితే "నొక్కితే ఏమవుతుందో అని భయం" అన్నాడు.

ఇప్పుడు నేను లెక్క రాసుకునేది ఒక్కటే: వారంలో ఎన్నిసార్లు ఒక కస్టమర్ ప్రశ్నకి మాకన్నా ముందు ఇంకో కస్టమర్ జవాబిచ్చారు అని. మొదట్లో సున్నా, పోయిన వారం పదకొండు. ఇంత చేస్తే అమ్మకాలు పెరిగాయా అంటే, పెరిగాయి గానీ ఈ పేజీ వల్ల ఎంతో, వానల వల్ల ఎంతో విడదీసి చెప్పలేను.

మొన్న బాబాయి కామెంట్లు చదువుతూ ఒక పేరు దగ్గర ఆగాడు. ఎవరు ఏం అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పే ఒకావిడ ఉంది, ఆవిడ పేరు.

"ఈవిడ మన దగ్గర ఎప్పుడు కొంది?"

"కొనలేదు బాబాయ్. ఆవిడ మొక్కలన్నీ వేరే నర్సరీవి."

కళ్లజోడు తీసి నా వంక చూశాడు. ఆవిడ బోగన్‌విల్లా ఫోటో అప్పటికే నా దగ్గర ఉంది. నీళ్లు తగ్గించి, పూర్తి ఎండలో పెట్టి ఆకులు కనబడనంత పూయించింది. అనుమతి కూడా వచ్చింది, షీట్‌లో రాసి ఉంది.

"మొక్క మనది కాదుగా మరి?"

"కాదు."

కాసేపు ఫోటో పెద్దది చేసి చూశాడు. "కొమ్మ ఎక్కడ కత్తిరించిందో అడుగు. ఆదివారం కొమ్మలు మార్చుకునేవాళ్లు వస్తారు కదా, వీలైతే ఒకటి తెమ్మను" అని ఫోన్ నా చేతికిచ్చి, నీళ్ల పైపు తీసుకుని వెళ్లిపోయాడు.